పెళ్ళికొడుకు లేని ఊరేగింపు

మా ఇంట్లో పరుపులు మనుషులు పడుకోవడానికి కాదు, గోడలకి ఆనించడానికి. పెళ్ళయి గాజువాక వచ్చిన కొత్తలో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మా పుట్టింటివాళ్ళు గోదావరి జిల్లా నుంచి లారీకెత్తి పంపిన బూరుగుదూది పరుపులు నెల తిరక్కుండా ముందుగది గోడలెక్కేశాయి. వాటి మధ్య సందుల్లో గోనెసంచులు, కిటికీలకి బొంతలు, తలుపు కింద నా పాత చీరలు. ఇదేం చోద్యమండీ అంటే, "శబ్దం గోడకి కొట్టుకుని వెనక్కి రాకూడదు" అన్నారు మా ఆయన. నేను పుట్టింటికి పోతే నేనూ వెనక్కి రాను, చూసుకోండి అన్నాను. ఆయనకి వినపడలేదు. చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి.

ఆయన పోర్టు వర్క్‌షాపులో ఎలక్ట్రీషియను. ఓడ దిగిన నావికుడెవరో వదిలించుకుని పోయిన క్యాసెట్ డెక్కు ఒకటి ఆయన చేతికొచ్చింది. దానికి రెండు మైకులు తగిలించారు. ఒకటి మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణంలో మూలపడున్నది, రెండోది పాడైన టేప్‌రికార్డరు లోంచి పీకి అగరొత్తుల గొట్టంలో బిగించినది. ఆ రోజుతో నా కాపురం స్టూడియో అయింది. ఎనభైల్లో సంగతి ఇది. అవతల స్టీల్‌ప్లాంటు కడుతున్నారు, ఇవతల మా ఆయన స్టూడియో కడుతున్నారు. ఏది ముందు పూర్తవుతుందో చూద్దాం అని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు.

పెద్ద స్టూడియోల్లో ఒక్కో వాయిద్యాన్నీ విడిగా పట్టి తర్వాత కలుపుతారట. మాకంత వైభోగం ఎక్కడిది? హార్మోనియం, తబలా, వయొలిను, తాళాలు, గొంతు, అన్నీ ఒకేసారి ఒకే టేపు మీద పడాల్సిందే. తబలా ఎక్కువైతే తగ్గించడానికి మీట లేదు. తబలా ఆయన్ని లేపి తీసుకెళ్ళి వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టడమే. వేరేవాళ్ళు మీట తిప్పే చోట మా ఆయన మనిషిని జరిపేవారు. నేలంతా సుద్దముక్క గీతలు. వయొలిను ఇక్కడ, తాళాలు అక్కడ. ముగ్గు వేసుకునే వాకిట్లో తప్ప ఇంట్లో అంతటా గీతలే.

తంటా ఎక్కడొచ్చేదంటే, మైకుకి దగ్గరగా కూర్చున్నవాడే గొప్పవాడని మనవాళ్ళ లెక్క. దూరం జరగమంటే పంక్తిలోంచి లేపేసినట్టు మొహం పెట్టేవారు. నోరెత్తి ఏమీ అనరు. పాట మొదలయ్యాక మఠం వేసుకున్నవాళ్ళు మఠం వేసుకున్నట్టే మెల్లిగా ముందుకి జరుగుతారు. పల్లవిలో గడప దగ్గరున్న తబలా చరణానికల్లా ముందుగదిలో తేలేది. హార్మోనియం ఊరుకుంటుందా, అదీ జరిగేది. పాటయ్యేసరికి అందరూ మైకు చుట్టూ చలిమంటకి చేరినట్టు చేరేవారు. మా ఆయన తలపట్టుకునేవారు. నేను వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

నా వంటకి మాత్రం తక్కువ పేరు వచ్చిందా? ఒకసారి భజన రికార్డింగులో కుక్కరు సరిగ్గా హారతి దగ్గర కూత పెట్టింది. క్యాసెట్ పట్టుకెళ్ళిన భజన సంఘం పెద్దాయన మర్నాడొచ్చి, "ఆ శంఖం ఊదినాయన ఎవరమ్మా, భలే సమయానికి అందుకున్నాడు" అన్నాడు. కందిపప్పండీ అన్నాను.

అలాంటి కొంపకి ఒక సాయంత్రం విశాఖ పాత ఊరు నుంచి బ్యాండు మాస్టారు వచ్చారు. ఆ రోజుల్లో విశాఖపట్నంలో కాస్త కలిగినవాళ్ళ పెళ్ళంటే ఊరేగింపు ముందు ఆయన క్లారినెట్టు ఉండాల్సిందే. సన్నటి మనిషి, సాయిబుగారు, మీసం దగ్గర అప్పుడప్పుడే తెలుపు. పెళ్ళికూతురి గుమ్మం దగ్గర మేళం ఆగినప్పుడు, హారతి పళ్ళెం బయటికొచ్చే దాకా ఆయనొక నెమ్మదైన ముక్క వాయించేవారు. తనే కట్టుకున్నది. దానికి పేరు లేదు. గుమ్మం ముక్క అనేవారు అందరూ. ఎక్కడెక్కడి ఆడపిల్లల తల్లులూ ఆ ముక్క వినగానే కళ్ళొత్తుకునేవారు.

ఆయన ఆ రోజు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడారు.

"పైన ముందు పళ్ళు కదిలిపోతన్నాయి తమ్ముడూ. సోమవారం పీకేత్తానన్నాడు డాక్టరు" అన్నారు మా ఆయనతో.

క్లారినెట్టు మూతిని పైపళ్ళతో గట్టిగా పట్టాలి. పళ్ళు పోతే పట్టు పోతుంది. కట్టుడు పళ్ళతో వాయించేవాళ్ళు లేరా మాస్టారూ అన్నాను నేను.

"ఉన్నారంట చెల్లెమ్మా. వాయిత్తారంట. నా సంగతి నాకు తెల్దా? నా ఊదుడంతా ఈ పళ్ళ మీదే ఉంది. అందుకే ఆదివారం గుమ్మం ముక్క ఒక్కటి పట్టేయండి. మొత్తం మేళంతో. క్యాసెట్టు మా ఇంటికి."

"ఇంటికా? దుకాణాలకి కాదా?" అన్నాను.

ఆయన రుమాలు మడతపెట్టారు, విప్పారు, మళ్ళీ మడతపెట్టారు. అప్పుడు చెప్పారు. వాళ్ళావిడ ఆయన వాయిద్యం ఒక్కసారీ వినలేదట. ఇంట్లో బూరా ఊదకూడదని మాస్టారి నాన్నగారు పెట్టిన కట్టు. పెద్దాయన పోయినా కట్టు పోలేదు. సాధనంతా చేపల రేవు వైపు పడవల దగ్గర. ఆవిడ ఊరేగింపులు చూడ్డానికి వీధిలో నిలబడే మనిషి కాదు. ఎర్రకోటు ఉతకడం, ఇత్తడి బొత్తాలు తోమడం, అంతవరకే ఆవిడ వంతు. పిల్లలకి పెళ్ళిళ్ళయి మనవలు కూడా వచ్చాక, పళ్ళు పీకుతారని తెలిసిన రోజున, ఆవిడ నోరు తెరిచి అడిగిందట, అవి పోయేలోగా ఒక్కసారి నాకు వినిపించమని.

"దానికి టేపెందుకు మాస్టారూ? ఆదివారం ఆవిణ్ణే వెంటబెట్టుకు రండి" అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడిపోయాయి. "అమ్మో, ఆవిడ ఎదరా? నావల్ల కాదు చెల్లెమ్మా. ఊపిరి ఆడదు."

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో పెళ్ళికొడుకులందరి ముందూ చెలరేగి వాయించే మనిషికి కట్టుకున్న పెళ్ళాం ముందు ఊపిరాడదట! మగవాళ్ళ సిగ్గు ఇంత సొగసుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. పైకేమీ అనలేదు. నేను ఏమీ అనలేదంటే ఏదో చేస్తానని అర్థం. మా ఆయనకి ఆ సంగతి ఇప్పటికీ తెలీదు.

శనివారం గాజులు కొనుక్కోవాలని చెప్పి బస్సెక్కి పాత ఊరు పోయాను. బ్యాండు మాస్టారి ఇల్లంటే అడిగినవాళ్ళందరూ చూపించారు. ఆవిడ వాకిట్లో పీట మీద కూర్చుని, ఎర్రకోటు ఒళ్ళో వేసుకుని, చింతపండుతో బొత్తాలు తోముతోంది. పుష్టిగా, తెల్లగా, నవ్వితే కళ్ళు మూసుకుపోయే మనిషి. ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు గనక నేను వదినా అనేశాను. విషయం చెప్పాను. వాయించేటప్పుడు మా వంటింట్లో కూర్చో, ఆయనకి కనపడవు అన్నాను.

"తౌబా! నాను రాను. తెలిస్తే పళ్ళు నూరతాడు."

"ఎల్లుండి పీకించేసుకునే పళ్ళేగా వదినా, ఆఖరిసారి నూరుకోనీ."

ఆవిడ బొత్తాం కింద పడేసి మరీ నవ్వింది. నవ్వాగాక చింతపండు చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఆయన ఎల్లినప్పుడు సెప్పుల సప్పుడు, ఒచ్చినప్పుడు సెప్పుల సప్పుడు. నాకు ఆ రెండే తెలుసమ్మాయ్. మజ్జిన ఏటి సేత్తాడో ఇనాలనుంటాది" అంది. "ఏ బస్సెక్కాలి?"

ఆదివారం పొద్దున్నే మా ఆయన మైకు తీగలతో కుస్తీ పడుతుండగా దొడ్డిదారిన వదినని వంటింట్లోకి లాక్కున్నాను. ఆవిడ బురఖా తీసి తలుపు వెనక మేకుకి తగిలించి, నన్ను పక్కకి తోసేసి, ఉప్మాకి ఉల్లిపాయలు తరగడం మొదలెట్టింది. నేను కిటికీ రెక్క మూసి గడియ పెట్టాను. ముందుగదికీ వంటింటికీ మధ్య తలుపు ఓరగా వేశాను. అంతా బ్రహ్మాండంగా ఉంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

తర్వాత మేళం దిగింది. మాస్టారు, రెండు ట్రంపెట్లు, చిన్న డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, తాళాలు. పెద్ద డ్రమ్ము ఆయన దాన్ని సిటీబస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడట. కండక్టరు దానికీ టిక్కెట్టు కొట్టబోతే, "ఒళ్ళో పిల్లకి టిక్కెట్టేటి బావా" అన్నాడట. వీళ్ళలో అన్ని కులాలూ మతాలూ ఉన్నాయి గానీ అందరూ అందరికీ బావలే.

మా ఆయన గీతలు గీసి అందర్నీ సర్దారు. మాస్టారు ఒక్కరే మైకు దగ్గర. పెద్ద డ్రమ్ము వీధి అరుగు మీద. ట్రంపెట్లు మరీ గట్టివని వాళ్ళని నా పుట్టింటి పరుపులకేసి తిప్పి నిలబెట్టారు.

"గోడకేసి మొకం పెట్టి నిలబడ్డానికి మేమేటి తప్పు సేసినాం? బడేటిది?" అన్నాడు ఒక ట్రంపెట్టు ఆయన.

మొదలెట్టారు. ఏం చెప్పను! చిన్న డ్రమ్ము పరిగెడుతోంది, ట్రంపెట్లు ఈడుస్తున్నాయి, తాళాలు ఎవరితో పోవాలో తెలీక దిక్కులు చూస్తున్నాయి. మాస్టారి క్లారినెట్టు కూడా ఎక్కడో బెణికినట్టుంది. వంటింట్లో వదిన కత్తిపీట మీంచి తలెత్తి నాకేసి చూసింది. ఇంతేనా అన్నట్టుందా చూపు. నాకు ప్రాణం చచ్చిపోయింది.

మళ్ళీ వాయించారు. మళ్ళీ అంతే. మాస్టారు రుమాలుతో పెదవి తుడుచుకున్నారు. రుమాలు మీద ఎర్రటి చుక్క. "ఇంకొక్కసారి వాయిత్తాను తమ్ముడూ. ఆపైన పన్ను ఆగదు" అన్నారు.

పెద్ద డ్రమ్ము ఆయన అరుగు మీంచి అన్నాడు. "పుట్టి బుద్దెరిగి నిలబడి వాయించినామేటి బావా? కాలు ఆడకపోతే సెయ్యి ఆడదు."

నిజమే! జన్మంతా నడుస్తూ వాయించిన మేళం అది. గుమ్మం ముక్కకి ఆగినా, వీధి వీధంతా నడిచొచ్చిన ఊపు కాళ్ళలో ఉండగా ఆగుతారు. వాళ్ళ తాళం పాదాల్లో ఉంది. మా ఆయన ఆ పాదాల్ని సుద్దగీతల మీద కట్టేశారు. అయితే నిలబడ్డ చోటే అడుగులెయ్యండి అన్నారాయన. వాయించకుండా ఉత్తినే వేసి చూశారు. గది దద్దరిల్లి డెక్కు మీద శబ్దం కొలిచే ముల్లు గంతులేసింది. పరుపుల్లోంచి దూది దుమ్ము లేచి ట్రంపెట్లిద్దరూ ఎదురుబొదురుగా తుమ్మారు.

ఇక నావల్ల కాలేదు. వంటింటి తలుపు సందులోంచి తల బయటపెట్టి అరిచాను. "నడిచే మేళాన్ని నిలబెడితే ఏం వాయిస్తుందండీ? ఇంటి చుట్టూ సందుంది కదా, నడిపించండి! మీ గీతలూ మీరూనూ!"

మా ఆయన ఒక్క క్షణం నోరెళ్ళబెట్టి, ఆ వెంటనే తీగలు అందుకున్నారు. ఒక మైకు వీధి అరుగు మీద, ఇంకోటి దొడ్లో బట్టలారేసే తాడు మీద. వాయిస్తూ ఇంటి చుట్టూ తిరిగితే ఒక మైకు వదిలినదాన్ని రెండోది అందుకుంటుంది. మేళానికి ప్రాణం లేచొచ్చింది. అలవాటు కొద్దీ తెచ్చుకున్న ఎర్రకోట్లు వేసేసుకున్నారు. మాస్టారి బొత్తాలు తళతళలాడుతున్నాయి. ఎవరు తోమారో నాకు తెలుసు.

పెద్ద డ్రమ్ము ఢమ్మంది, అడుగు పడింది, అంతే. అప్పటిదాకా కుంటిన మేళం ఒక్కసారిగా నిటారుగా నిలబడింది. ఒళ్ళు పులకరించింది నాకు. వీధికి కూడా పులకరించినట్టుంది, పోలోమని జనం వచ్చేశారు. ఆదివారం, పెళ్ళి మేళం, ఇంకేం కావాలి? స్టీల్‌ప్లాంటు పనివాళ్ళు ఇద్దరు తువ్వాళ్ళు గాల్లో తిప్పుతూ వెనక చిందులు మొదలెట్టారు. నేను చీపురు పట్టుకుని, నోళ్ళు ముయ్యండి, రికార్డింగవుతోంది అని సైగలు చేస్తున్నాను. ఎదురింటి మామ్మగారికి సైగలు ఆనవు.

"పెళ్ళికొడుకేడే అమ్మాయ్?" అంది గట్టిగా.

"అరుగో మామ్మగారూ, చెవులకి బాసికాలు కట్టుక్కూర్చున్నారు" అని హెడ్‌ఫోన్ల మా ఆయన్ని చూపించాను. ఆ రెండు మాటలూ క్యాసెట్టులో శుభ్రంగా పడ్డాయి.

మేళం అరుగు దాటి పక్కసందులోకి తిరిగింది. నడకపాట ముగిసి గుమ్మం ముక్క అందుకున్నారు. సన్నగా, నెమ్మదిగా, గోడ అవతల్నించి వస్తోంది. నేను చీపురు దించి హాయిగా వింటున్నాను. ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఆ సందులోనే కదా వంటింటి కిటికీ! గడియ పెట్టాననుకోండి. కానీ మొగుడి పాట వినడానికి బస్సెక్కి వచ్చిన మనిషిని గడియ ఆపుతుందా?

చీపురుతో సహా ఇంట్లోకి పరిగెత్తాను. ఆలస్యమైపోయింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఊచలు పట్టుకుని వదిన. ఊచలకి అవతల, చెయ్యి చాస్తే అందేంత దూరంలో మాస్టారు. క్లారినెట్టు నోట్లోనే ఉంది. ఊపిరి లేదు.

వెనకున్నవాళ్ళకి ఏం జరిగిందో తెలీదు. ముందు మనిషి ఆగితే గుమ్మం వచ్చిందన్నట్టే వాళ్ళకి. ట్రంపెట్లు దించేసి నిలబడ్డారు. డ్రమ్ములు మాత్రం మెల్లిగా, ఢమ్, ఢమ్, అలా కొడుతూనే ఉన్నాయి. నేను చీపురు గుండెలకి హత్తుకుని, అల్లా, వెంకన్నా, ఎవరైనా సరే, ఈయనకి ఊపిరి పొయ్యండి అనుకున్నాను. ఉన్నది ఆ ఒక్క సారే. ఈ సారి పాడైతే మళ్ళీ వాయించలేరు. పాడు చేసింది నేనే అవుతాను.

వదిన మొహం మీద కొంగు లాక్కోలేదు. తల దించుకోలేదు. ఉల్లిపాయల కళ్ళతో ఆయన్ని తేరిపార చూసి, గడ్డం ఇంతే ఎత్తింది. ఊఁ, కానియ్యి, అన్నట్టు.

ఆయన వాయించారు. నేను అంతకుముందూ విన్నాను ఆ ముక్క, పెళ్ళిళ్ళలో. అది ఇది కాదు. బయట చిందులేసేవాళ్ళు కూడా ఆగిపోయారు. నాకు ఏడుపొచ్చేసింది. ఉల్లిపాయల మీదకి నెట్టేశాను.

ముక్క అయ్యేసరికి మా ఆయన సందులోకి ఊడిపడ్డారు. "మధ్యలో క్లారినెట్టు ఏమైపోయింది? ఇంకొక్కసారి వాయించండి!"

మాస్టారు రుమాలు విప్పి చూపించారు. అందులో పన్ను ఉంది.

"డాక్టరుకి ఒక పని తగ్గింది బావా" అన్నాడు పెద్ద డ్రమ్ము ఆయన.

ఉప్మా పళ్ళేలు పట్టుకుని వదినే ముందుగదిలోకి వచ్చింది. ట్రంపెట్లిద్దరూ బడిపిల్లల్లా లేచి నిలబడ్డారు. మాస్టారు నాకేసి ఒక చూపు చూశారు. నేను పరుపులకేసి చూశాను. మా ఆయన క్యాసెట్టు వెనక్కి తిప్పి పెట్టారు.

అందరం తింటూ విన్నాం. మేళం దగ్గరికొచ్చి, దూరంగా పోయి, దొడ్డివైపు నుంచి మళ్ళీ వస్తోంది. నిజం ఊరేగింపు లాగే ఉంది. మామ్మగారి ప్రశ్న దగ్గర అందరూ విరగబడి నవ్వారు. తర్వాత గుమ్మం ముక్క. తర్వాత అది. క్లారినెట్టు ఆగిపోయి, వట్టి డ్రమ్ములు. నాకు అప్పుడు అంతసేపనిపించలేదు, టేపులో చాలాసేపుంది. మాస్టారు తింటున్న చెయ్యి ఆపేశారు.

"అక్కడ కోసేయండి తమ్ముడూ" అన్నారు తల వంచుకుని. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా తప్పలేదు నాను. ఆఖర్న తప్పినాను."

బ్లేడుతో కోసి టేపు అతికించడం మా ఆయనకి సరదా. అప్పటికే చేతిలో బ్లేడుంది.

"అది కింద పెట్టు తమ్ముడూ" అంది వదిన.

అందరం ఆవిడకేసి చూశాం. ఆవిడ మాత్రం మాస్టారికేసి చూస్తోంది.

"మిగతాదంతా ఊళ్ళో పెళ్ళికొడుకులందరికీ వాయించిందే కదా. నన్ను సూసి ఆగింది అదొక్కటే. అది కోసేత్తే నాకేటుంటాది?"

పెద్ద డ్రమ్ము ఆయన చేతిలో పళ్ళెం కింద పెట్టాడు. "ముందే సెప్పుంటే ఇంకో రెండు సార్లు ఆగుదుం కదా బావా."

మాస్టారికి నవ్వు ఆగలేదు. అలవాటుగా రుమాలు నోటికి అడ్డం పెట్టుకోబోతే వదిన చెయ్యి పట్టి కిందికి లాగేసింది.

"మిగతా పళ్ళు రేపటి దాకా ఉన్నాయి కదా, దాసుకుంటారేటి?" అంది.